ఓయ్వా బండికి మేకులు పడితే

సరస్సు గడ్డ కట్టిందా లేదా అని మా సార్కివారాలో ఎవరూ ఎవరినీ అడగరు. అడగడం మాకు చేతకాదు. మాట బయటికొస్తే సొమ్మేదో పోతుందన్నట్టు బతికే జనం. నా టాక్సీలో పట్నం దాకా వచ్చి, దిగేటప్పుడు "ఊఁ" అని తల ఊపి పోయేవాళ్లే ఎక్కువ. అందుకే సరస్సు సంగతి తెలుసుకోవడానికి మాకో పద్ధతి ఉండేది. కొండ మీద ఓయ్వా ఇంటి ముందు నుంచి పోతూ, వాకిట్లో నిలబెట్టిన అతని క్వాడ్ బండి వంక ఒక చూపు చూసేవాళ్లం. టైర్లకి మేకులు కనబడితే సరస్సు మీదకి బండి తోలుకోవచ్చు. టైర్లు బోసిగా ఉంటే ఇంటికి పోయి కాఫీ పెట్టుకోవచ్చు. అంతే, ఇక మాటలతో పని లేదు.

హ్యాండిలు పట్టుకుని తోలే ఆ నాలుగు లావు చక్రాల బండి లేని ఇల్లు మా ఊళ్లో లేదు. వేసవిలో కట్టెలకి అడవిలోకి, శీతాకాలంలో చేపలకి సరస్సు మీదకి అదే పోతుంది. అక్టోబరు చివర్లో అందరూ చక్రాలు ఊడదీసి ఓయ్వా గ్యారేజీకి తెచ్చి పడేస్తారు. అతను వాటిని పొయ్యి పక్కన పేర్చి రబ్బరు మెత్తబడేదాకా కదిలించడు. ఆ తర్వాత ముందు చక్రాలకి అంచుల్లో ఎక్కువ, వెనక చక్రాలకి నడుమ ఎక్కువ, సబ్బునీళ్లలో ముంచి ఒక్కో మేకూ మరతో తిప్పి దించుతాడు. ఒక మేకు గీసిన గీతలో ఇంకో మేకు పడకూడదు. లోతుగా దిగితే గాలి పోతుంది, పైపైన దిగితే మొదటి మలుపులోనే ఊడి పోతుంది. బిగించిన ప్రతి మేకునీ బొటనవేలితో తడిమి చూస్తాడు. ఆ వేలి చర్మం గేదె తోలులా ఉండేది. పక్కన కూర్చుని ఎవరైనా కబుర్లు మొదలెడితే రేడియో గొంతు పెంచేవాడు.

టైర్లకి మేకులు దిగినంత మాత్రాన ఎవరూ సరస్సు మీదకి దిగరు. ఊరందరి చక్రాలూ అయ్యాక ఓయ్వా గడ్డపార భుజాన వేసుకుని కాలినడకన సరస్సు మీదకి వెళ్లేవాడు. గడ్డని పొడిచి మందం చూసుకుంటూ రేవు, దీవుల చుట్టూ, చివరగా ఇరుకు. ఇరుకంటే రెండు దీవుల మధ్య సన్నటి చోటు. అడుగున నీళ్లు పారుతూనే ఉంటాయి కాబట్టి అన్నిటికంటే ఆలస్యంగా గట్టిపడేది అదే. ముయిక్కు చేపలు గుంపులుగా తిరిగేది దాని అవతలే. ఇరుకు మీద గడ్డపార వేసి, నచ్చితేనే ఇంటికొచ్చి తన బండికి మేకులు బిగించుకునేవాడు. నచ్చకపోతే మళ్లీ వారం చూసేవాడు. మా నాన్న హయాం నుంచీ ఇదే. ఆ లెక్క ఏనాడూ తప్పలేదు.

ఓయ్వాకి బావమరిది ఒకడు, కౌకో. ఓయ్వా భార్య హెల్వక్కకి తమ్ముడు. మా ఊరికి దేవుడిచ్చిన మాటలన్నీ ఒక్క కౌకోకే ఇచ్చేశాడని అనుకునేవాళ్లం. బావ మూగవాడని, అక్కని పెళ్లాడేటప్పుడు చర్చిలో 'సరే' అన్న మాటే ఆయన ఆఖరి మాటని వేళాకోళం చేసేవాడు. ఏటా మొదటి మేకులు కౌకో బండికే పడాలి, అది బావమరిది హక్కు. కానీ గడ్డకి కన్నం కొట్టి వేసే మొదటి వల మాత్రం ఎప్పుడూ ఓయ్వాదే. సరస్సు మీదకి దారి తెరుచుకున్న సంగతి ముందు తెలిసేది అతనికే కదా మరి. కౌకోకి అదొక్కటే కడుపుమంట.

"ఒక్క ఏడాది, బావా," అనేవాడు. "ఒక్క ఏడాది నీకంటే ముందు వల వేసి, నీ కిటికీ కింద నిలబడి చేపలు ఊపుతాను. అప్పుడు చచ్చిపోయినా ఫరవాలేదు."

ఓయ్వా రేడియో గొంతు పెంచేవాడు.

హెల్వక్కకి మూత్రపిండాలు పాడైన సంవత్సరం అది. రోజు విడిచి రోజు పట్నం ఆసుపత్రిలో డయాలసిస్. తీసుకెళ్లడం, మధ్యాహ్నం దాకా కాచుకోవడం, తీసుకురావడం నా పని. ఆవిడకి అదంతా మొదటినుంచీ చిరాకే. బతకడానికి ఇంత హడావిడి ఎందుకని, యంత్రానికి కట్టేసిన గొడ్డులా ఉన్నానని కారులో విసుక్కునేది. పక్కన ఓయ్వా ఆవిడ చెయ్యి తన చేతిలో పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చునేవాడు. ఇద్దరికీ పిల్లల్లేరు. ఆవిడ లేకపోతే ఈ మనిషి ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఏం మిగులుతుందని నాకు అనిపించేది.

ఆ నవంబరులో మంచు పడాల్సిన వేళ వాన పడింది. వెంటనే చలి బిగిసింది. కొండ దారి మొత్తం గాజు పరిచినట్టయింది. నా కారు కాదు కదా, మేక కూడా ఎక్కలేదు. ఓయ్వా ఇసుక చల్లాడు. ఇసుక మీద మళ్లీ వాన పడి మళ్లీ గాజయింది. ఒకరోజు హెల్వక్కని వీపు మీద వేసుకుని దిగుతూ సగంలో జారి ఇద్దరూ కింద దాకా వచ్చిపడ్డారు. ఆవిడ మోచెయ్యి కొట్టుకుపోయింది. ఏం కాలేదు, ఏం కాలేదు అంటూనే ఉంది. నేను దారిని, వానని, ఆ కొండ మీద ఇల్లు కట్టిన వాళ్ల తాతని కలిపి తిట్టాను.

తర్వాతి వంతు శనివారం. నేను కొండ కింద కారు ఆపి చూస్తుంటే ఓయ్వా బండి కరకరమని నెమ్మదిగా దిగింది. వెనక సీటు మీద రెండు దుప్పి తోళ్లు కప్పుకుని హెల్వక్క. పొద్దున్నే లేచి నాలుగు చక్రాలకీ మేకులు బిగించాడు. ఎందుకో అడగాల్సిన పని లేదు, ఆవిడని చూస్తే తెలుస్తూనే ఉంది. ఓయ్వా అప్పటికింకా గడ్డపార బయటికి తియ్యలేదు. ఊళ్లో వాళ్ల చక్రాలు సగం గ్యారేజీలో పొయ్యి చుట్టూ ఉండిపోవడంతో, సాయంత్రం తిరిగొచ్చాక బండిని లోపల పెట్టడానికి చోటు లేక వాకిట్లో దీపం కిందే వదిలేశాడు. హెల్వక్కని పడుకోబెట్టి ఆవిరిగది కోసం కట్టెలు కొట్టడానికి ఇంటి వెనక్కి వెళ్లాడు. ఈ మేకులు కొండ దారికే, ఇరుకు ఇంకా చూడలేదన్న సంగతి పొద్దున్నే కౌకోకి, కొట్టు దగ్గర నలుగురికీ చెబుదామనుకున్నాడట. ఆదివారం కదా, ఎవరూ తొందరపడరనుకున్నాడు.

ఆదివారం తెల్లారుతూనే కౌకో సరస్సు మీదకి పోయాడు.

రేవులో బాగానే మోసింది. దీవుల దాకా బాగానే మోసింది. ముందురోజు పడ్డ పల్చటి మంచు ఇరుకుని కూడా తక్కిన సరస్సులాగే తెల్లగా కప్పేసింది. బండి, వల, కౌకో అక్కడే గడ్డ విరిగి నీళ్లలోకి దిగిపోయారు. ఒడ్డున ఎవరో చూసి ఫోన్ చేశారు. అగ్నిమాపక దళం అంటే మా ఊరి మగవాళ్లే, వాళ్లు చేరేసరికి ఓయ్వా అప్పటికే నిచ్చెన పరుచుకుని దాని మీద బోర్లా పాకుతూ ఆ కంత అంచు దాకా పోయాడు. మోచేతుల దాకా నీళ్లలో పెట్టి వెతుకుతున్నాడు. నలుగురు కాళ్లు పట్టి లాగితే గానీ వెనక్కి రాలేదు. కౌకోని బయటికి తీసేసరికి మధ్యాహ్నమైంది.

ఊరికి ఒకటే అర్థం కాలేదు. నోరు ఎంత పెద్దదైనా సరస్సు మీద కౌకో అంత జాగ్రత్తపరుడు లేడు. బావ మాట లేకుండా ఒడ్డు కూడా దాటడు. అట్లాంటివాడు ఎందుకు పోయాడు?

ఆ సాయంత్రం కౌకో భార్య సిర్కా దగ్గర నేనున్నాను. వంటింట్లో ముట్టని కాఫీ చల్లారిపోతోంది. ఓయ్వా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి. సిర్కా అతని మొహంలోకి చూడకుండా చెప్పింది.

"నిన్న నీ ఇంటి మీదుగా నవ్వుకుంటూ వచ్చాడు అన్నయ్యా. బావ బండికి మేకులు పడ్డాయి, సరస్సు తెరుచుకుంది, ముసలాడు ఇంకా వల తియ్యలేదు అన్నాడు. రేపు బావ కాఫీ తాగేలోపు నా వల నీళ్లలో ఉండాలన్నాడు."

ఓయ్వా అట్లాగే గోడకి జారి నేల మీద కూర్చుండిపోయాడు. అతను ఏడవడం నేను అదే చూడటం. భుజాలు ఊగుతున్నాయి. అప్పుడు చెప్పాడు, ఆ మేకులు దేనికో. కొండ దారి, హెల్వి, మోచెయ్యి. అంత పొడుగు మాట అతని నోట నేను అంతకుముందు వినలేదు. విని సిర్కా అడిగింది.

"వదినకి తెలుసా, వాడు ఎందుకు పోయాడో?"

"తెలీదు."

"తెలియనివ్వకు," అంది సిర్కా. "తెలిసిందంటే రేపట్నుంచి ఆసుపత్రికి రాదు. ఆవిడ సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు. ఒకరు పోయారు, చాలు."

ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తర్వాత తెలిసొచ్చింది. ఎందుకంటే మేకుల సంగతి మేం దాచేస్తే, కౌకో పోవడానికి వేరే కారణం ఏదో ఒకటి ఉండాలిగా. తొందరపాటన్నారు. చేపల మీద ఆశన్నారు. పక్క ఊళ్లవాళ్లు తాగి ఉంటాడన్నారు. సిర్కా ఏ ఒక్క మాటకీ బదులు చెప్పలేదు. మొగుడి పేరు బురదలో పడుతుంటే కొట్టులో రొట్టె కొనుక్కుని తల ఊపి పోయేది. మా ఊరి మౌనం ఏదైనా పనికొచ్చిందంటే అది ఆ శీతాకాలమే, అదీ దిక్కుమాలిన పనికి.

ఓయ్వా గ్యారేజీ మూసేశాడు. మిగిలిన చక్రాలు జనం నిశ్శబ్దంగా వచ్చి తీసుకుపోయి పట్నంలో బిగించుకున్నారు. సరస్సు మీదకి ఎప్పుడు దిగాలో ఎవరికీ తెలియక చాలామంది ఆ ఏడు వలలే వెయ్యలేదు. కానీ తన బండి మేకులు మాత్రం ఓయ్వా పీకలేడు. కొండ దారి ఇంకా గాజే. ఆ మేకులు కౌకో పోయాక బిగించినవనే ఊరు అనుకుంది. హెల్వక్క రోజు విడిచి రోజు దిగాలి. కౌకో అంత్యక్రియలకి కూడా ఆ బండి మీదే దిగింది, వేరే దారి లేదు. ఓయ్వా ఆ శీతాకాలమంతా ఆ మేకుల కరకర వింటూ ఆవిడని దింపాడు, ఎక్కించాడు. నేను కొండ కింద నిలబడి ఆ చప్పుడు వింటుంటే నా పళ్లు జిల్లుమనేవి. అతనికెలా ఉండేదో మరి.

కారులో హెల్వక్క తమ్ముణ్ణి తిట్టేది. అదే నాకు అన్నిటికంటే కష్టమైంది. "తొందరపాటు వెధవ," అనేది. "చిన్నప్పట్నుంచీ అంతే. అన్నం ఉడక్కముందే గిన్నెలో చెయ్యి పెట్టేవాడు. ఇరుకు మీదకి ఎవడు పొమ్మన్నాడు? వాణ్ణి ఎవడు పొమ్మన్నాడు?" అద్దంలో నాకు ఓయ్వా మొహం కనబడేది. కళ్లు మూసుకునేవాడు. నాకు ముక్కు మీద కోపం, నోరు ఆగదు, అట్లాంటిది ఆ నెలలన్నీ నాలుక కరుచుకుని కారు నడిపాను. ఒకసారి పట్టలేక, చచ్చినవాణ్ణి అట్లా అనకు అక్కా అన్నాను. ఆవిడ నా వీపు వంక చూసి, నా తమ్ముడు, నా ఇష్టం అంది. అంతటితో వదిలేశాను.

ఒక్కటి మాత్రం నిజం. ఆవిడ ఆసుపత్రి మానలేదు. విసుక్కోవడం కూడా మానేసింది. ఒంట్లో శక్తి రోజురోజుకీ పోతున్నా, వంతు రోజున తయారై కూర్చునేదట. అది చూసి ఓయ్వాకి ప్రాణం కుదుటపడేది. దాచింది మంచిదే అయిందని నేనూ అనుకున్నాను.

మార్చి నెల. వెలుతురు తిరిగొచ్చింది, చూరుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ రోజు ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ, వేరే ఊరి మనిషి, మాటల్లో మాటగా మా సరస్సులో తాగుబోతు ఒకడు బండితో మునిగాడటగా అని అడిగిందట.  తిరిగొస్తూ, మా ఊరి మలుపు దగ్గర పడుతుండగా హెల్వక్క అంది.

"వాడు తాగలేదు. తొందరా పడలేదు. నాకు తెలుసు, నేను చూశాను."

నేను అద్దంలోకి చూశాను. 

"శనివారం నన్ను పడుకోబెట్టి నువ్వు కట్టెలకి పోయావు," అంది ఆవిడ అతనితో. "దాహమేసి వంటింట్లోకి లేచాను. కిటికీలోంచి వాడు కనబడ్డాడు. నీ బండి పక్కన కూర్చుని, చేతి తొడుగు తీసి మేకులు తడిమి చూస్తున్నాడు. తలెత్తి నన్ను చూసి నవ్వాడు. చిన్నప్పుడు అమ్మకి తెలియకుండా జామ్ సీసా ఎత్తుకుపోయేటప్పుడు చూడు, అట్లాగే పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. బావకి చెప్పకని."

ఓయ్వా చెయ్యి పట్టుకుంది.

"చెప్పలేదు ఓయ్వా. అలిసిపోయి ఉన్నాను. వీడికేదో సరదా, పోనీలే అనుకున్నాను. సరస్సు మాట నాకు తట్టనేలేదు. పొద్దున్న సైరన్ వినబడ్డాక తట్టింది."

ఓయ్వా ఆవిడ వైపు తిరిగాడు. 

"నువ్వు ఆ మేకులు నాకోసం బిగించావు. వాటిని చూసే వాడు పోయాడని నాకు తెలుసని నీకు తెలిస్తే నువ్వు బతకవనుకున్నాను. అందుకే వాణ్ణి తిట్టాను, రోజూ తిట్టాను, నీ మనసు టైర్ల మీదకి పోకుండా. ఆసుపత్రి మానేస్తే నీకు అనుమానం వస్తుందని వెళ్తూ వచ్చాను. ఇంక వాణ్ణి తిట్టలేను. వాడు నా తమ్ముడు."

కారు నడుపుతూనే ఉన్నాను. ఆపాలని తోచలేదు. వెనక నుంచి ఓయ్వా గొంతు వినబడింది.

"మళ్లీ ఆ పొద్దు వచ్చినా నీకోసం మేకులు బిగిస్తాను హెల్వీ. కానీ ముందు వాడి తలుపు కొట్టి చెప్పి బిగిస్తాను."

ఆవిడ అతని భుజం మీద తల పెట్టుకుంది. "ఐలా, సిర్కా ఇంటి దగ్గర ఆపమ్మా," అంది నాతో. ఆపాను. ఇద్దరం చెరో పక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లాం. సిర్కా తలుపు తీసి ఆవిడ మొహం చూసి అంతా గ్రహించినట్టుంది. వాళ్లిద్దరినీ వంటింట్లో వదిలేసి ఓయ్వా, నేను వాకిట్లో నిలబడ్డాం. లోపల్నుంచి ఒకరి ఏడుపే వినబడింది. ఎవరిదో చెప్పలేను.

మళ్లీ వంతు రోజున నేను కొండ కింద కారు ఆపుకుని కూర్చున్నాను. ఎండకి దారి మీద గడ్డ కరిగి మట్టి కనబడుతోంది. వస్తుందా రాదా అని పైకే చూస్తున్నాను. వస్తుందనే నమ్మాను. ఇంక దాచడానికి ఏమీ లేదు, ఇకనైనా తనకోసం వస్తుందనుకున్నాను. చాలాసేపటికి ఓయ్వా ఒక్కడే నడుచుకుంటూ దిగాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వెనక తలుపు తీసుకుని ఆవిడ కూర్చునే వైపు కూర్చున్నాడు.

"పోనీ," అన్నాడు.

"అక్క ఏదీ?"

"ఇంట్లోనే ఉంది, సిర్కా తోడు. ఇంక రానంది. ఆ సంగతి ఆసుపత్రి వాళ్లకి నేనే చెప్పి రావాలి. ఫోన్లో చెప్పే మాట కాదు."

రాకపోతే ఎన్నాళ్లో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మహా అయితే వారం, పది రోజులు. బతిమాలలేదా అని అరవబోయి మానేశాను. బతిమాలి ఉంటాడు. కళ్లు చూస్తే తెలుస్తోంది. పట్నం వెళ్లాం. అతను లోపలికి పోయి, టోపీ చేత్తో పట్టుకుని, అక్కడి నర్సుతో రెండు ముక్కలు చెప్పాడు. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

తిరుగుదారిలో సగం దాకా వచ్చాం. తర్వాత అతనే మొదలుపెట్టాడు, నేను అడక్కుండానే.

"నిన్నంతా మాట్లాడుకున్నాం ఐలా, నేనూ హెల్వీ. పొద్దున్నుంచీ. పెళ్లినాటి సంగతులు, కౌకో సంగతులు, ఏవేవో. అది అడుగుతుంటే నేను చెబుతూనే ఉన్నాను. రేడియో పెట్టనేలేదు." కిటికీ వైపు తిరిగాడు. "ఎంత బాగుందో. మాట్లాడుకుంటే ఇంత బాగుంటుందని నాకు ముందు తెలీదు."

నేను కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశాను. ముందున్న దారి నాకు కనబడలేదు.